మీ ఊరికి సొంత రేడియో: టవర్ కన్నా ముందు చేయాల్సిన పనులు

ఊళ్లో రేడియో పెట్టాలనుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ట్రాన్స్‌మిటర్ ఎంతవుతుందండీ?" ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ట్రాన్స్‌మిటర్ కొనడం ఈ పనిలో ఆఖరి మెట్టు. దాన్ని మొదటి మెట్టు అనుకున్నవాళ్ల స్టేషన్లు చాలావరకు ఏడాది తిరక్కుండానే సినిమా పాటలు వేసుకుంటూ కూర్చుంటాయి.

మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళా రైతులు నడిపే స్టేషన్ అది. గది, పరికరాలు యునెస్కో సాయంతో 1990ల చివరికే సిద్ధమయ్యాయి కానీ లైసెన్స్ రాలేదు. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దాదాపు పదేళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను ఊరూరా తీసుకెళ్లి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ పెట్టి వినిపించారు. జనం ఏమన్నారో విని, మళ్లీ రికార్డు చేశారు. అనుమతి కాగితం చేతికొచ్చేసరికి రేడియో నడపడం వాళ్లకు వచ్చేసింది. కింద చెప్పే వరుస కూడా అదే.

ముందు రెండు వారాలు చెవి పెట్టండి

ఒక నోటుబుక్కు కొనండి. పాల కేంద్రం, రేషన్ షాపు, ఉపాధి హామీ పని, బస్టాండులో టీ కొట్టు, ఆశా కార్యకర్త వచ్చే అరుగు, ఇలా జనం ఆగే చోట్లకు వెళ్లండి. అక్కడ వినబడే ప్రశ్నలు రాసుకోండి. అభిప్రాయాలు వద్దు, ప్రశ్నలే రాయండి. "పశువుల డాక్టరు ఏ రోజు వస్తాడు?" "ఈసారి కందులు కొంటారా, కొనరా?" "పిల్ల హాస్టల్ సీటుకి ఏం కాగితాలు కావాలి?" "కరెంటు రాత్రి ఇస్తారా, పగలా?" రెండు వారాల తర్వాత చూస్తే ఇరవై ముప్పై ప్రశ్నలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీ మొదటి మూడు నెలల కార్యక్రమాలు అవే.

ఎవరు మాట్లాడుతున్నారో మాత్రమే కాదు, ఎవరు మాట్లాడట్లేదో కూడా రాసుకోండి. నలుగురు మగవాళ్లు మాట్లాడుతుంటే పక్కన బిందెతో నిలబడ్డ అమ్మాయి నోరు విప్పిందా? ఊరి చివరి వాడ నుంచి ఎవరైనా ఆ అరుగు మీద కూర్చున్నారా? ఇది రాజకీయం కదా అని మీకు అనిపించవచ్చు. అవును, రాజకీయమే. ప్రపంచంలో ఇలాంటి మాధ్యమాలు పుట్టింది ఎక్కువగా అక్కడి నుంచే. మెక్సికోలోని వహాకా నగరంలో 2006 ఆగస్టు 1న వేలమంది ఆడవాళ్లు గిన్నెలు, మూకుళ్లు మోగించుకుంటూ ఊరేగింపు తీశారు. ప్రభుత్వ టీవీ స్టేషన్‌కి వెళ్లి, టీచర్ల ఉద్యమం గురించి తమ మాట చెప్పుకోవడానికి ఒక్క గంట ఇవ్వమని అడిగారు. కుదరదన్నారు. దాంతో ఆ ఆడవాళ్లు స్టేషన్‌నే తమ చేతుల్లోకి తీసుకుని, దాదాపు మూడు వారాలు నడిపారు. మిమ్మల్ని అలా చేయమని చెప్పట్లేదు. గంట అడిగి కాదనిపించుకున్నవాళ్లు మీ ఊళ్లో ఎవరో తెలుసుకోమంటున్నాను.

ఇంకో సంగతి కూడా ఈ రెండు వారాల్లోనే తేలిపోవాలి. చేతులు పనిలో ఉండి చెవులు ఖాళీగా ఉండే వేళ ఏది? పొద్దున వంట వేళా, రాత్రి అన్నాల వేళా? సంఘం రేడియో సాయంత్రాలు ఎంచుకుంది, ఎందుకంటే వినేవాళ్లూ నడిపేవాళ్లూ పగలంతా చేలల్లో ఉంటారు. మీది చేపలు పట్టే ఊరైతే లెక్క వేరు.

జట్టు కట్టండి

ఎనిమిది మంది చాలు. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. తర్వాత లైసెన్స్ తీసుకున్నాక సలహా, కార్యక్రమాల కమిటీలో సగం మంది మహిళలు ఉండాలని కేంద్రం నిబంధనల్లోనే ఉంది. వాడవాడ నుంచీ ఒకరు రావాలి. చదువు అడ్డం కాదు. రికార్డరు మీద ఎర్ర స్టిక్కర్ అంటే రికార్డు, పచ్చ అంటే వినడం అని అంటిస్తే, అక్షరం రానివాళ్లు కూడా ఒక పూటలో నేర్చుకుంటారు.

గొంతు బాగుందని ఎవర్నీ తీసుకోకండి. టీవీ యాంకర్‌లా మాట్లాడేవాళ్లను అయితే మరీ వద్దు. మీ ఊరి యాస మీ ఆస్తి. "వస్తున్నారు" అనే చోట "వస్తుండ్రు" అంటే తప్పేం లేదు. రేడియోలో తన యాస విన్న ముసలమ్మ మొదట నవ్వుతుంది, తర్వాత వాల్యూమ్ పెంచుతుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయం కాదు. సర్పంచ్ ఇంటి పై గది ఉచితంగా ఇస్తారు, ఒప్పుకోకండి. గుడి ఆవరణలోనూ వద్దు, ఏ పార్టీ మనిషి షాపు పైనా వద్దు. ఊళ్లో ఎవరైనా చెప్పులు విప్పకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా నడిచి రాగలిగే చోటు చూడండి. అంగన్‌వాడీ పక్క గది, మహిళా సంఘం భవనం, పాత లైబ్రరీ అయితే మంచిది.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ చుట్టుపక్కల, సంఘం రేడియో నడిపే సంఘాల మహిళలే వీడియో కెమెరాలు కూడా పట్టారు. కెమెరా కోణాలకు వాళ్లు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ తమను ఎప్పుడూ అలాగే చూస్తాడు. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. ఎదురెదురుగా, కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంఘం షాట్. సినిమా స్కూల్లో నాలుగు తరగతులు చెప్పినా ఇంత బాగా ఎక్కదు. మైకు పట్టుకున్నప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. మాట్లాడే మనిషి నేల మీద కూర్చుంటే మీరూ నేల మీదే కూర్చోండి.

ఫోన్‌తో రికార్డు చేయడం నేర్చుకోండి

ఈ దశలో ఒక్క రూపాయి పెట్టకండి. జేబులో ఉన్న ఫోన్ చాలు. మరీ అంతగా కావాలంటే కాలర్‌కి తగిలించే వైరు మైకు ఒకటి కొనండి. వైర్‌లెస్ మైకులు ఇప్పుడే వద్దు, సగంలో చార్జింగ్ అయిపోయి కొంప ముంచుతాయి.

నా మొదటి రికార్డింగ్ సంగతి చెప్తాను. ఒకావిడ చేత తిరగలి పాట పాడించుకున్నాను. పదకొండు నిమిషాలు పాడింది, మధ్యలో రెండు చరణాలు గుర్తు చేసుకుని మరీ పాడింది. ఇంటికొచ్చి వింటే పాట వెనకాల ఫ్యాన్ గరగర, నాలుగో నిమిషంలో నా ఫోన్ రింగు, ఆ తర్వాత రికార్డింగే లేదు. కాల్ వచ్చినప్పుడు యాప్ ఆగిపోయింది. మళ్లీ వెళ్తే ఆవిడ పాడింది కానీ, ఆ రెండు చరణాలు ఈసారి గుర్తు రాలేదు.

అందుకని ఈ వరుసను తప్పొద్దు:

1. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. బ్యాటరీ, ఖాళీ జాగా చూసుకోండి.
2. ఫ్యాన్, కూలర్, ఫ్రిజ్ ఆపించండి. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళం చెవి ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. వెళ్లేటప్పుడు తాళం కోసం తెరుస్తారు, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు.
3. ఫోన్ మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. సూటిగా ఎదురుగా పెడితే "ప", "బ", "ఫ" దగ్గర గాలి కొట్టి టపటప మంటుంది.
4. ముందు అర నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఇది మానేసినవాళ్లే తర్వాత ఏడుస్తారు.
5. మాట్లాడే మనిషి పేరు, ఊరు, పని ఆ మనిషి నోటితోనే చెప్పించండి. "ఇది పది మందికి వినిపించొచ్చా?" అని అడిగి, ఆ "ఊ" కూడా రికార్డు చేయండి. మీ దగ్గర ఉండే అనుమతి అదే.
6. అడిగిన తర్వాత నోరు మూసుకోండి. "అవునవును", "ఓహో" అనకండి, తల ఊపండి. మాట ఆగినా మూడు లెక్కపెట్టే దాకా రెండో ప్రశ్న వేయకండి. అసలు సంగతి ఆ మూడు లెక్కల్లోనే వస్తుంది.
7. అయిపోయాక అందర్నీ అర నిమిషం మౌనంగా ఉండమని, ఆ గది చప్పుడు రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో కోసిన చోట అతుకు కనబడకుండా ఉండటానికి అది పనికొస్తుంది.

కోడి కూత, గేదె అరుపు, పక్కింటి కుక్కర్ విజిల్ వినబడితే కంగారు పడకండి. అది మీ ఊరు. గాలి హోరు, ఫ్యాన్ గరగర మాత్రం పనికిరావు. ఆరుబయట అయితే మైకుకి పాత సాక్సు తొడగండి.

ఎడిటింగ్‌కి కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. మొదట్లో రెండే పనులు నేర్చుకోండి: కోయడం, గొంతుల హెచ్చుతగ్గులు సమం చేయడం. పది నిమిషాల మాటలోంచి నాలుగు నిమిషాలు తీయండి. మనిషి చెప్పని అర్థం వచ్చేలా మాత్రం కోయకూడదు. కోసిన తర్వాత ఆ మనిషికే మొదట వినిపించండి.

క్యాసెట్ పద్ధతి: ఊరికే మొదట వినిపించండి

అయిదారు కార్యక్రమాలు తయారయ్యాక బ్లూటూత్ స్పీకర్ ఒకటి తీసుకుని వారానికి ఒక వాడకు వెళ్లండి. ఇరవై నిమిషాలు వినిపించండి. వినిపించాక "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, మీకేం ఉపయోగం ఉండదు. "ఇందులో తప్పేం చెప్పాం?" అని అడగండి. కరెంటు లైన్‌మన్ చెప్పింది అబద్ధమని ఒకరంటారు, కాదని ఇంకొకరంటారు. ఆ వాదన రికార్డు చేయండి. వచ్చే వారం కార్యక్రమం తయారైపోయినట్టే.

పంచాయతీ మైకు వాడుకోనిస్తే మంచిదే, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధమని గుర్తుంచుకోండి. కర్ణాటకలోని బూదికోటెలో 2000ల మొదట్లో "నమ్మ ధ్వని" వాళ్లు ఊరి కేబుల్ టీవీ వైరు మీదుగానే రేడియో కార్యక్రమాలు పంపారు. గాలిలోకి వదలనప్పుడు లైసెన్స్ గొడవ లేదు.

వాట్సాప్ గ్రూపు కూడా పెట్టండి, కొన్ని షరతులతో. ఫైలును 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3గా మారిస్తే అయిదు నిమిషాలది రెండున్నర ఎంబీ లోపే వస్తుంది, చిన్న ప్యాకేజీ వేయించుకున్నవాళ్లు కూడా దించుకోగలరు. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా పెట్టండి, లేకపోతే మూడో రోజుకే గుడ్ మార్నింగ్ పూలతో నిండిపోతుంది. ప్రతి ఆడియో మొదట్లో తేదీ, ఊరి పేరు గొంతుతో చెప్పండి. ఆర్నెల్ల తర్వాత ఎవరో దాన్ని ఇంకో జిల్లాకి ఫార్వర్డ్ చేసి "ఈ రోజే" అంటారు. అప్పుడు మీ తేదీయే మిమ్మల్ని కాపాడుతుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల సంగతేంటంటారా? దానికి ఛత్తీస్‌గఢ్‌లో జవాబు ఉంది. 2010లో అక్కడ సీజీనెట్ స్వర అనే ఫోన్ కబుర్ల సేవ మొదలైంది. దానికి మామూలు డబ్బా ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే, కంప్యూటర్ తిరిగి ఫోన్ చేసేది. ఒకటి నొక్కి తమ కబురు రికార్డు చేసేవాళ్లు, రెండు నొక్కి వేరేవాళ్లవి వినేవాళ్లు. గోండి మాట్లాడే వాళ్లకు కూడా అది దారి చూపింది, వాళ్ల భాషలో పేపరూ లేదు, టీవీ వార్తలూ లేవు. ఇందులో రహస్యం మిషన్‌లో లేదు. వచ్చిన ప్రతి కబురునూ ఒక మనిషి విని, అవసరమైతే ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కున్న తర్వాతే వదిలేవాళ్లు. మీరు ఇలాంటి లైన్ పెట్టాలంటే ముందు ఆ వినే మనిషిని చూసుకోండి.

లైసెన్స్: ఓపిక పట్టాల్సిన చోటు

ఆన్‌లైన్‌లో చవగ్గా ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు అమ్ముతారు. కొనకండి. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు "మన రేడియో" పెట్టుకున్నారు. లైసెన్స్ లేదని కొద్ది నెలలకే అధికారులు మూయించారు. బీహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రిపేరు షాపు కుర్రాడొకడు యాభై రూపాయల సామానుతో సొంతంగా ఎఫ్ఎం తయారు చేసి ఊరందరికీ ఆప్తుడయ్యాడు. 2006లో దాన్నీ మూసేశారు. ఊరు ఎంత మెచ్చుకున్నా చట్టం ముందు నిలబడదు.

చట్టం మాత్రం మన వైపు కొంత జరిగింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ చేతుల మీదుగానే పదమూడేళ్ల తర్వాత సంఘం రేడియో మొదలైంది. మధ్యలో 2002లో విద్యాసంస్థలకు, 2006 నవంబర్‌లో స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకుంది.

ఇప్పుడు పద్ధతి ఇదీ. వ్యక్తులకు ఇవ్వరు. రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు, లాభం కోసం నడిచే కంపెనీలకు ఇవ్వరు. కనీసం మూడేళ్లుగా రిజిస్టరై పని చేస్తున్న సొసైటీ లేదా ట్రస్టు, విద్యాసంస్థ, కృషి విజ్ఞాన కేంద్రం లాంటివి దరఖాస్తు చేయొచ్చు. కాబట్టి మీకు సంస్థ లేకపోతే రెండు దారులు: ఈ రోజే ఒకటి రిజిస్టర్ చేసి, మూడేళ్లూ క్యాసెట్ పద్ధతిలో పని చేస్తూ ఉండండి, లేదా మీ మండలంలో నమ్మకమైన సంస్థతో కలవండి. కలిసేట్టయితే కార్యక్రమాల మీద చివరి మాట ఎవరిదో కాగితం మీద రాసుకోండి. స్నేహం ఉంది కదా అని వదిలేసిన చోటే తర్వాత పేచీలొస్తాయి.

దరఖాస్తు కేంద్ర సమాచార, ప్రసార శాఖకు, బ్రాడ్‌కాస్ట్ సేవ పోర్టల్‌లో. హోం, రక్షణ శాఖలు చూస్తాయి. కమిటీ ముందు మీరు ఇంతకుముందు ఊళ్లో ఏం చేశారో చెప్పాలి. క్యాసెట్ పద్ధతిలో చేసిన రికార్డింగులు, తేదీలు రాసిన రిజిస్టరు అక్కడ మీ తరఫున మాట్లాడతాయి. సరేనంటే లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు ఉత్తరం, ఇస్తారు. దాని తర్వాత ఫ్రీక్వెన్సీ కేటాయింపు, టవర్ క్లియరెన్స్, శాఖతో ఒప్పందం, వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్స్. ఏళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి. ఎవరో "నేను తెప్పిస్తాను" అని డబ్బులడిగితే బయటికి దారి చూపించండి.

రూల్స్‌లో ఇవి గోడ మీద రాసి పెట్టుకోండి. పవర్ మామూలుగా 100 వాట్లు, టవర్ 30 మీటర్లు మించకూడదు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారైనవే ఉండాలి. ప్రసారం చేసినవన్నీ మూడు నెలలు దాచాలి. 2024 ఫిబ్రవరిలో మారిన మార్గదర్శకాల ప్రకారం అనుమతి పదేళ్లు ఉంటుంది, గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు.

వార్తల దగ్గరే తిరకాసు. ఆకాశవాణి వార్తలు తప్ప సొంత వార్తలు చదవడానికి లేదు. నాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది, ఊరి మనుషులకు ఊరి వార్త చెప్పొద్దనడం ఏం లెక్క? కానీ వాతావరణం, కరెంటు, నీళ్లు, రోడ్లు, పరీక్షలు, పండగలు, ఆటలు, తుఫాను హెచ్చరికలు వార్తల కింద రావు. మీ నోటుబుక్కు తెరిచి చూడండి, ఊరు అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ జాబితాలోనే ఉంటాయి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే, అక్కడ లో పవర్ ఎఫ్ఎం కొలతా దాదాపు ఇదే, 100 వాట్లు, 30 మీటర్లు. లాభాపేక్ష లేని సంస్థలకే ఇస్తారు, దరఖాస్తులు ఏళ్లకోసారి మాత్రమే తీసుకుంటారు. ఫ్లోరిడాలో ఇమోకలీ అనే ఊళ్లో టమాటా కోసే వలస కూలీలు 2003లో అలాంటి స్టేషన్ కట్టుకున్నారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన వాలంటీర్లు, ఊళ్లో ఇల్లు కప్పడానికి అందరూ తలో చేయి వేసినట్టు, ఒక వారాంతంలో నిలబెట్టారు. వంద వాట్ల స్టేషన్ కట్టడానికి మనుషులుంటే చాలు అనడానికి అది సాక్ష్యం.

గది, టవర్

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీకు పరికరాలు అమ్మేవాళ్లు గంటలు గంటలు చెప్తారు. రెండు గదులు చాలు, ఒకటి రికార్డింగుకి, ఒకటి ప్రసారానికి. గోడలకు ఖరీదైన ఫోమ్ అక్కర్లేదు. పాత బొంతలు, గోనెసంచులు, కోడిగుడ్ల అట్టలు అంటారు కానీ, అట్టలు పనికిరావు, చెదలు పడతాయి, నిప్పుకి భయం. బొంతలే మేలు. తలుపు సందుకి గుడ్డ కుక్కండి. సీలింగ్ ఫ్యాన్ పెట్టించకండి.

టవర్ ఊళ్లో కొంచెం మెరక మీద ఉండాలి. చదును నేలలో అయిదు నుంచి పది కిలోమీటర్లు వినబడుతుంది, మధ్యలో గుట్ట అడ్డమొస్తే వెనకున్న తండాకి వినబడదు. టవర్ వేసే ముందే ఆ గుట్ట వెనక ఎవరుంటారో చూసి రండి. వాళ్లను వదిలేసి ప్రారంభోత్సవం చేస్తే పదేళ్లు మాట పడతారు. పిడుగు రక్షణకు రాగి కడ్డీ, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. ఇక్కడ మిగిల్చిన వెయ్యి రూపాయలు మొదటి వానకాలంలోనే ట్రాన్స్‌మిటర్‌ని మింగేస్తాయి.

డబ్బు ఎవరిదైతే మాట వాళ్లదవుతుంది

బొలీవియాలో తగరం గనుల కార్మికులు 1940ల చివరి నుంచి సొంత రేడియోలు పెట్టుకున్నారు. ఒక దశలో ఇరవైకి పైగా స్టేషన్లు. ఖర్చు ఎవరు భరించారు? కార్మికులే, తమ కూలిలోంచి. అందుకే 1980 జూలైలో సైన్యం కుట్ర చేసి రాజధానిలో రేడియోల నోరు నొక్కినప్పుడు, గనుల రేడియోలు ఒకదాని ప్రసారాన్ని ఇంకొకటి అందుకుంటూ గొలుసుగా నిలబడ్డాయి. సైన్యం ఒక్కొక్క గనిలోకీ వచ్చి మూయించే దాకా ఆ రేడియోలు ఆగలేదు. అమెరికాలోని బెర్క్‌లీలో 1949లో మొదలైన కేపీఎఫ్ఏ రేడియో ప్రకటనలే వద్దనుకుని, వినేవాళ్ల చందాలతో నడిచింది.

మీరు గనికార్మికులు కారు, సరే. నెలకు ఎంత ఖర్చవుతుందో ముందు కాగితం మీద వేయండి: కరెంటు, ఇంటర్నెట్, ఇద్దరు ముగ్గురికి జీతం, రిపేర్లు. ఆ మొత్తాన్ని మూడు ముక్కలు చేయండి. ఒక ముక్క ఊరి చందా, ఇంటికి నెలకు పది రూపాయలైనా సరే, ధాన్యం రూపంలో ఇచ్చినా తీసుకోండి. ఇంకో ముక్క ఊరి కొట్లు, టైలరు, ట్రాక్టరు అద్దెకిచ్చేవాళ్ల ప్రకటనలు. మూడోది ప్రభుత్వ ప్రకటనలు, గ్రాంట్లు. ఏ ఒక్క ముక్కా సగం దాటకుండా చూసుకోండి. గ్రాంటు ఆగిన నెల స్టేషన్ ఆగిపోతే, అది గ్రాంటు ఇచ్చినవాళ్ల స్టేషనే.

పురుగు మందుల కంపెనీ డీలరు తప్పకుండా వస్తాడు. పెద్ద మొత్తమే ఇస్తానంటాడు. అతని ప్రకటన వేస్తారా, వేయరా అన్నది జట్టు ముందే తేల్చుకుని రాసిపెట్టుకోవాలి. డబ్బు బల్ల మీద ఉన్నప్పుడు కూర్చుని తేల్చుకునే విషయం కాదది.

గాలివాన రోజు కోసం

నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25 భూకంపానికి కొన్ని కమ్యూనిటీ రేడియోల గదులు కూలిపోయాయి. ఆరుబయట గుడారాల్లోంచి ప్రసారం చేశారు, ఏ ఊరికి బియ్యం వస్తోంది, ఎవరు బతికున్నారు అని. సెల్ టవర్లు పడిపోయినా బ్యాటరీ రేడియో వినబడుతుంది. మన కోస్తాలో తుఫాను వచ్చినప్పుడల్లా ఇదే పరిస్థితి కదా.

అందుకని స్టేషన్ మొదలైన మొదటి నెలలోనే ఈ కసరత్తు చేయండి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా మెయిన్ స్విచ్ ఆపేయండి. ఇన్వర్టర్ ఎంతసేపు లాగింది? జనరేటర్‌లో డీజిల్ ఉందా? గది తాళం ఎవరి దగ్గరుంది, ఆ మనిషి ఆ రోజు పెళ్లికెళ్లిందా? తహసీల్దార్ ఆఫీసు, సబ్‌స్టేషన్, పీహెచ్‌సీ నంబర్లు కాగితం మీద రాసి గోడకి అంటించి ఉన్నాయా, లేక స్విచ్ ఆఫ్ అయిన ఫోన్‌లో ఉన్నాయా? ఏ నంబర్ ఎత్తలేదో, ఏ బ్యాటరీ పోయిందో రిజిస్టర్‌లో రాయండి. సోమవారం బాగు చేయించి, మళ్లీ ఒక ఆదివారం స్విచ్ ఆపండి.